పంటు ఒడ్డుకు తగిలేదాకా కట్ చెయ్యకు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లె. వయసు 31. డిగ్రీ మధ్యలో ఆపేసి మిక్సింగ్, అంటే పెళ్ళి వీడియోల ఎడిటింగ్, నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ళుగా ఇంట్లోనే సిస్టమ్ పెట్టుకుని నరసాపురం, రాజోలు, భీమవరం ఫొటోగ్రాఫర్లకి పెళ్ళి వీడియోలు చేసిపెడుతున్నాను. కొన్ని షార్ట్ ఫిల్ములు కూడా ఎడిట్ చేశాను. రెండింటికి డబ్బులు ఇప్పటికీ రాలేదు. మా నాన్న ముప్పై ఏళ్ళుగా రేవులో జనాన్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు మీద పనిచేస్తున్నారు. ఆయన మీద, రేవు మీద డాక్యుమెంటరీ తీద్దామని రెండేళ్ళ నుంచి షూట్ చేస్తున్నాను. అరవై గంటల ఫుటేజ్ అయింది. నలభై రెండు నిమిషాల రఫ్ కట్, అంటే మొదటి కూర్పు, చేశాను. బాలేదని నాకే తెలుస్తోంది. ఎందుకు బాలేదో తెలియడం లేదు. ఎడిటర్ తన సినిమా తనే ఎడిట్ చేసుకోకూడదని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. పెళ్ళిళ్ళు మానేసి, దాచుకున్న మూడు లక్షలు పట్టుకుని హైదరాబాద్ వెళ్ళిపోదామా అని ఉంది. ఇంట్లో వాళ్ళేమో ‘మిక్సింగ్ చేసుకునేవాడివి, నీకు డైరెక్షన్ ఏంట్రా’ అంటున్నారు. పూర్తయ్యాక రేవులో తెల్లబట్ట కట్టి వేయాలని, ఉత్సవాలకి పంపాలని ఉంది. లింక్ పంపుతున్నాను. చూసి ఉన్నదున్నట్టు చెప్పండి.

సమాధానం:

తమ్ముడూ,

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నీ రఫ్ కట్ రెండుసార్లు చూశాను. మొదటిసారి ఊరికే కూర్చుని చూశాను. రెండోసారి నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, ఏ నిమిషం, ఏ సెకనో టైమ్‌కోడ్ రాసుకుంటూ చూశాను. హైదరాబాద్ సంగతి, డబ్బుల సంగతి కాసేపాగి మాట్లాడుకుందాం. ముందు పదకొండో నిమిషం సంగతి తేల్చాలి.

పదకొండు నిమిషాల పద్నాలుగు సెకన్ల దగ్గర మీ నాన్నగారు పంటు అంచున నిలబడి ఉంటారు. చేతిలో తాడు. అవతల నరసాపురం వైపు మాధవాయిపాలెం రేవు దగ్గరపడుతోంది. వెనకాల మోటార్ సైకిళ్ళ వాళ్ళు పంటు ఆగకముందే ఒక్కొక్కరుగా బళ్ళు స్టార్ట్ చేసేస్తున్నారు. ఒకావిడ చంకలో పిల్లాడితో ముందుకి తోసుకొస్తోంది. ఆయన వెనక్కి తిరిగి చూడరు. నీళ్ళకేసి చూస్తూ, పెదాలు మాత్రం కదుపుతూ, ఏదో లెక్కపెడుతున్నారు. ఒడ్డు ఇంకో మూడు బారల దూరంలో ఉంది. సరిగ్గా అక్కడ కట్ చేసి డ్రోన్ షాట్ వేశావు. పైనుంచి గోదావరి, రెండు వైపులా కొబ్బరితోటలు, కింద వయొలిన్.

నేను ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూశాను. ఆయన దేన్ని లెక్కపెడుతున్నారు? తాడు ఎప్పుడు విసరాలో చూసుకుంటున్నారా? నీరు పోటు మీద ఉందో పాటు మీద ఉందో చూసి, ముందున్న ఇనపపలక ఏ ఎత్తులో వాలుతుందో అంచనా కడుతున్నారా? సముద్రం దగ్గర కాబట్టి ఆ రేవులో నీటిమట్టం పొద్దున ఉన్నట్టు మధ్యాహ్నం ఉండదు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేసే పని ఏంటో ఆ కాసిని సెకన్లలో కనిపిస్తోంది. దాన్ని షూట్ చేసింది నువ్వే. సగంలో కోసేసిందీ నువ్వే. ఎందుకు కోశావో నాకు తెలుసు. తొమ్మిదేళ్ళ మిక్సింగ్ అలవాటు నీ చేతిలో ఉంది.

పెళ్ళి వీడియోలో షాట్ మూడు నాలుగు సెకన్లు దాటితే ఫొటోగ్రాఫర్ ‘ల్యాగ్ ఉంది, ట్రిమ్ చెయ్’ అంటాడు. ఎవరైనా నేరుగా కెమెరాలోకి చూస్తే కట్. మాటల మధ్య ఖాళీ వస్తే పాట. ఏమీ జరగనట్టు అనిపిస్తే డ్రోన్. ఆ పనికి ఆ పద్ధతే సరి, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. అయితే నీ సినిమా పంటు గురించి. పంటు అంటేనే ఎదురుచూపు. అవతలి ఒడ్డు నుంచి వచ్చేదాకా ఇవతల చూడాలి. నిండేదాకా చూడాలి. దాటేదాకా చూడాలి. ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళూ, పరీక్షకి వెళ్ళే పిల్లలూ, చేపల బుట్టలూ అందరూ కలిసి ఎదురుచూస్తారు. నలభై రెండు నిమిషాల్లో నాకు ఒక్కసారి కూడా ఎదురుచూసిన అనుభవం రాలేదు. పంటు ఎక్కడమూ దిగడమూ పందొమ్మిదిసార్లు చూపించావు. లెక్కపెట్టాను. ఒక్క దాటింపు కూడా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పూర్తిగా లేదు. నీ కట్ బాలేకపోవడానికి నాకు కనిపించిన మొదటి కారణం ఇదే.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఇరవై ఏడో నిమిషంలో, అంతర్వేది తీర్థం రద్దీలో, అందరూ రథం గురించి మాట్లాడుతుంటే నువ్వు ఒక ముసలాయన మొహానికి వెళ్ళావు. ఆయన ఏమీ అనడు. చెప్పులు చేతిలో పట్టుకుని ఉంటాడు. ఆ కట్ చాలా మంచిది. అది నీకు ఎక్కడ వచ్చింది? జీలకర్ర బెల్లం పెడుతున్నప్పుడు అందరి కెమెరాలూ వధూవరుల మీద ఉంటే, స్తంభం పక్కన నిలబడ్డ పెళ్ళికూతురి తండ్రి మొహం ఏ క్లిప్‌లో ఉందో వెతికి పట్టుకునే అలవాటు నుంచి వచ్చింది. ఈ చూపు కోసం ఫిల్మ్ స్కూళ్ళలో పిల్లలు చాలాకాలం కష్టపడతారు. పెళ్ళిళ్ళు నీకు ఈ మేలు చేశాయి. షాట్ నిలబెట్టడం మాత్రం నేర్పలేదు.

నేను హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఎడిటింగ్ అసిస్టెంట్‌గా చేరిన కొత్తల్లో మా సీనియర్ ఒక పని చేయించేవారు. రషెస్, అంటే కత్తిరించని మొత్తం ఫుటేజ్, చూసేటప్పుడు మౌస్ నా అందుబాటులో ఉంచేవారు కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడమనేవారు. విసుగొచ్చిన చోట టైమ్‌కోడ్ రాయమనేవారు. ఆ విసుగు దాటి షాట్ ఇంకా నడుస్తుంటే, మళ్ళీ ఆసక్తి ఎక్కడ మొదలైందో అదీ రాయమనేవారు. చాలా షాట్లకి ఆ రెండో చోటు ఉంటుంది. మనం మొదటి విసుగు దగ్గరే కోసేసి దాన్ని పోగొట్టుకుంటాం. నీ పదకొండో నిమిషం షాట్ రషెస్‌లో ఇంకా ఎంతసేపు ఉందో నాకు తెలియాలి. పంటు ఒడ్డుకు తగిలిన చప్పుడు అందులో ఉందా? పలక వాలినప్పుడు ఆయన మొహం ఉందా? ఉంటే ఆ షాట్ మొత్తం పెట్టు, నిమిషంన్నర అయినా సరే. పాట వద్దు.

ఇక పని ఎలా చేయాలి అంటే. నీకు తీరిక ఎప్పుడు ఉంటుందో పంచాంగమే చెబుతుంది. మాఘం నుంచి మొదలుపెట్టి ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం నీకు తిండి తినే తీరిక ఉండదు. శ్రావణంలో మళ్ళీ మొదలవుతాయి. మధ్యలో ఆషాఢం. పెళ్ళిళ్ళు లేని నెల. మన దగ్గర గోదావరికి ఎర్రనీరు, అంటే కొత్త వరద నీరు, వచ్చేదీ ఆ రోజుల్లోనే. నీ చేతికి పని లేనప్పుడే నీ సినిమాకి ముఖ్యమైన నీరు వస్తోంది. ఇంతకంటే ఇంకేం కావాలి? ఆషాఢం మొత్తం నీ సినిమాకి రాసెయ్. ఫొటోగ్రాఫర్లకి ముందే చెప్పు, ఆ నెల మిగిలిపోయిన ఆల్బమ్ వీడియోలు కూడా ఒప్పుకోనని. పెళ్ళివాళ్ళకి తేదీ ఇచ్చి రాత్రంతా కూర్చుని పూర్తిచేస్తావు కదా. నీ సినిమాకి ఇన్నాళ్ళూ తేదీ లేదు, మిగిలిన పొద్దు మాత్రమే దొరికింది.

లెక్క చూద్దాం. అరవై గంటల ఫుటేజ్, రోజుకి మూడు గంటల చొప్పున చూస్తే ఇరవై రోజులు. మూడు గంటలకి మించి చూడకు, కళ్ళు మొద్దుబారతాయి. ఆ ఇరవై రోజులూ ఒక్క కట్ కూడా చెయ్యకు. చూడు, పుస్తకంలో రాయి. క్లిప్ పేరు, ఏ రోజు, ఏ ఒడ్డు, నీరు ఎలా ఉంది, ఎవరున్నారు. పక్కన నీకేమనిపించిందో ఒక్క ముక్క. ‘నాన్న నవ్వాడు’, ‘ఇక్కడ భయమేసింది’, అంతే. ఇప్పుడున్న రఫ్ కట్‌ని పక్కన పెట్టెయ్, తెరవకు. మిగిలిన తొమ్మిది పది రోజుల్లో చిన్న చిన్న కాగితం ముక్కల మీద సీన్లు రాసి మంచం మీదో నేల మీదో పరుచుకుని వరస మార్చి చూడు. వరస దొరికాకే టైమ్‌లైన్ దగ్గరికి వెళ్ళు. ఈ మధ్యలో ఎర్రనీరు వస్తే పుస్తకం మూసేసి కెమెరా తీసుకుని రేవుకి వెళ్ళిపో. నీ కట్‌లో వరద లేదు. వరద ఎక్కువైతే పంటు ఆపేస్తారు కదా, ఆ రోజు మీ నాన్నగారు ఇంట్లో ఏం చేస్తారు? పంటు లేని రోజు ఆయన చేతులు ఎలా ఉంటాయి? అది ఎవరూ తీయలేరు, ఆ ఇంట్లో ఉండే నువ్వు తప్ప.

పంటు ఆపేశాక నదిలోకి దిగి తీయాలని మాత్రం చూడకు. ఒడ్డు నుంచే తియ్యి.

వాయిస్ ఓవర్ గురించి నీకు కోపం వచ్చినా చెబుతాను. ‘గలగల పారే గోదారమ్మ ఒడిలో’ అని మొదలైంది. మనవైపు యాస ఏమాత్రం లేని గొంతుతో చెప్పించావు. దాని కింద మీ నాన్నగారు ఎవరితోనో మాట్లాడుతున్న మాటలు వినపడీ వినపడనట్టు ఉన్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఆయన అంటున్నారు, ‘ఏవండోయ్, ఆ గేదెని ఇటు పట్టండి, బరువు అటైపోతంది’ అని. ఆ ఒక్క వాక్యం నీ వాయిస్ ఓవర్ మొత్తాన్ని మించింది. ఆయన మాటల్లోనే సినిమా నడుస్తుంది. వాయిస్ ఓవర్ తీసెయ్. సబ్‌టైటిల్స్ వేసేటప్పుడు కూడా ఆయన మాటని పుస్తకాల భాషలోకి దిద్దకు.

ఆయన మాటలు సరిగ్గా వినపడకపోవడానికి కారణం నువ్వు కెమెరా మైక్ మీదే ఆధారపడటం. పంటు ఇంజన్ పక్కన కెమెరా మైక్‌కి ఇంజన్ తప్ప ఏమీ పట్టదు. ఒక కాలర్ మైక్, దానికి గాలి కొట్టకుండా బొచ్చు తొడుగు కొనుక్కో. ఇంజన్ చప్పుడుని పూర్తిగా చంపెయ్యాలని చూడకు, అది ఆయన రోజంతా వినే చప్పుడు. కానీ దాన్ని విడిగా రికార్డ్ చేసి పెట్టుకోవాలి: మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు, నది మధ్యలో, ఒడ్డు దగ్గర మందగించేటప్పుడు, ఆపేశాక. ఆపేశాక వచ్చే నిశ్శబ్దాన్ని కనీసం రెండు నిమిషాలు రికార్డ్ చెయ్యి. కట్ అతుకుల దగ్గర అది నీకు ప్రాణం పోస్తుంది. ఆయనతో విడిగా మాట్లాడించాలంటే రాత్రి అన్నాలయ్యాక, ఫ్యాన్ ఆపి, పెరట్లో కూర్చోబెట్టు. ప్రశ్నలు వేసి మీద పడకు. ఊరికే కూర్చో. ముందు పక్కింటి సంగతులు వస్తాయి, తర్వాత రేవు సంగతులు వస్తాయి.

డ్రోన్ షాట్లు పదిహేడు ఉన్నాయి. రెండు ఉంచు. గోదావరి అనగానే పైనుంచి కొబ్బరాకులూ, పడవా చూపించడం అందరూ చేస్తున్నారు. అది వచ్చిపోయేవాళ్ళ చూపు. రేవులో పుట్టిపెరిగినవాడికి గోదావరి పంటు అంచు ఎత్తులో ఉంటుంది.

నీ ఫ్రెండ్ అన్న మాటలో సగం నిజం ఉంది. తన సినిమా తను ఎడిట్ చేసుకునేవాడికి ఉండే చిక్కు ఏంటంటే, షాట్ తీసిన రోజు గుర్తుంటుంది. వానలో మూడు గంటలు నిలబడి తీశాం కాబట్టి ఆ షాట్ బావుందనిపిస్తుంది. చూసేవాడికి ఆ మూడు గంటలు తెలియవు. అలాగని ఎడిటర్ డైరెక్టర్ కాకూడదని ఎక్కడా లేదు. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు గారు దర్శకుడు కాకముందు ఎడిటింగ్ చేసినవారే. ఇంట్లో వాళ్ళు మళ్ళీ ‘మిక్సింగ్ వాడివి’ అంటే ఆ పేరు చెప్పు. దర్శకుడు కె. విశ్వనాథ్ గారు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగం నుంచి వచ్చారని కూడా చెప్పు. పనిముట్టు పట్టుకుని పని నేర్చుకున్నవాళ్ళే వాళ్ళంతా.

నువ్వే ఎడిట్ చెయ్యి. కానీ రెండో కట్ అయ్యాక ఇంకో ఎడిటర్‌ని పక్కన కూర్చోబెట్టుకో. నీలాగే సొంతంగా ఏదో తీసుకుంటున్న మనిషైతే మంచిది. అతని కట్ నువ్వు చూడు, నీది అతను చూస్తాడు, డబ్బులతో పని లేదు. అతను ‘ఇది తీసెయ్’ అన్నప్పుడు ఎందుకు అని వాదించకు, తీసేసి ఒకసారి చూడు. ఫైల్ కాపీ మీదే చేస్తావు కదా, పోయేదేం లేదు. తర్వాత మీ అమ్మగారికీ, పంటు మీద పనిచేసే ఒకరిద్దరికీ వేసి చూపించు. నువ్వు తెర చూడకు. వాళ్ళ వెనక కూర్చుని వాళ్ళ వీపులు చూడు. ఎక్కడ కదిలారు, ఎక్కడ పక్కవాళ్ళతో మాట్లాడారు, ఎక్కడ ఉన్నట్టుండి నిశ్శబ్దం అయిపోయారు, అది రాసుకో. బావుందా అని అడగకు. బావుంది అనే అంటారు.

ఇప్పుడు చట్టం సంగతి. ముప్పై మూడో నిమిషంలో పెళ్ళివారు బ్యాండుతో పంటు మీద దాటుతున్న షాట్ ఉంది. సాయంత్రపు వెలుగు, పెళ్ళికూతురు బుట్టలో చెయ్యి పెట్టి ఏదో వెతుక్కుంటోంది. సినిమాలోకెల్లా అందమైన షాట్. ఎండ్ టైటిల్స్‌లో రాసినదాన్ని బట్టి అది నువ్వు మిక్సింగ్ చేసిన పెళ్ళి నుంచి తీసుకున్నది. తమ్ముడూ, అది నీది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బులిచ్చి ఫొటోగానీ వీడియోగానీ తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏమీ లేనప్పుడు, దాని మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. ఫొటోగ్రాఫర్‌ది కూడా కాదు, నీది అసలే కాదు. హార్డ్‌డిస్క్ మన దగ్గర ఉంది కదా అని వాడుకోవడం కుదరదు. నువ్వు చేయాల్సింది ఇది: ఆ ఇంటికి వెళ్ళు, షాట్ చూపించు, ఆ అమ్మాయినీ అడుగు, వాళ్ళ తల్లిదండ్రులనీ అడుగు, ఒప్పుకుంటే తెలుగులో రాసిన చిన్న కాగితం మీద సంతకం తీసుకో, ఫొటోగ్రాఫర్ చేత కూడా పెట్టించు. అమ్మాయి వద్దంటే తీసెయ్. మనసు చివుక్కుమన్నా తీసెయ్. ఆమె పెళ్ళి అది.

ఒప్పుకున్నా ఇంకో చిక్కు ఉంది. బ్యాండు వాయిస్తున్నది సినిమా పాట. పెళ్ళి ఊరేగింపులో వాయించుకోడానికి చట్టం మినహాయింపు ఇస్తుంది. నీ సినిమాలో వాడుకోడానికి ఇవ్వదు. యూట్యూబ్‌లో పెట్టగానే పాట మాదని మ్యూజిక్ కంపెనీ క్లెయిమ్ రావచ్చు. ఆ ఆడియో తీసేసి, కింద నది చప్పుడు వేసి చూడు. నేను నా దగ్గర వాల్యూమ్ తగ్గించి చూశాను. నిశ్శబ్దంలో ఆ అమ్మాయి ఇంకా బావుంది.

జనానికి తెర కట్టి చూపించాలంటే సెన్సార్ సర్టిఫికెట్ తీసుకోవాలి. రేవులో తెల్లబట్ట కట్టి వేయాలని ఉందన్నావు కదా, అదీ బహిరంగ ప్రదర్శనే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. జాతీయ అవార్డులకి పంపాలన్నా ఆ సర్టిఫికెట్ ఉండాలి. సెన్సార్‌కి వెళ్ళినప్పుడు రెండు విషయాల్లో అడుగుతారు. గేదెల్ని పంటు ఎక్కించే సీనుకి జంతు సంక్షేమ బోర్డు పత్రం కావాలంటారు. మీ నాన్నగారు చుట్ట కాల్చే షాట్లు ఉన్నాయి కాబట్టి, ఆ షాట్ల మీద హెచ్చరికా, మొదట్లోనూ మధ్యలోనూ పొగాకు ప్రకటనలూ వేయాలి. చుట్ట లేని రషెస్ ఉంటే అవి వాడితే గొడవే లేదు. కానీ లంక పొగాకు చుట్ట లేకపోతే ఆయన ఆయనలా ఉండరనిపిస్తే ఉంచు, హెచ్చరిక వెయ్యి.

డబ్బుల సంగతి. నేను హైదరాబాద్‌లో ఉండగా ఒక నిర్మాత నాలుగు నెలలు నాతో పని చేయించుకుని, హార్డ్‌డిస్క్ చేతికందిన రోజు నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పటికి మా పాప స్కూలు ఫీజు కట్టాలి. ఆ నెల ఎలా గడిచిందో నాకే తెలుసు. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మూడోవంతు ముందు ఇస్తేనే ఫుటేజ్ దించుకుంటాను. మూడోవంతు మొదటి కట్ చూపించాక. మిగతాది అందాకే తెర మీద నా పేరు అడ్డంగా లేని శుభ్రమైన కాపీ. కరెక్షన్లు రెండుసార్లు, ఆపైన ప్రతిసారికీ విడిగా. ఇదంతా ఒక్క వాట్సాప్ మెసేజ్‌లో రాసి, ‘ఓకే’ అని జవాబు వచ్చాకే మొదలుపెడతాను. అడగడానికి మొహమాటపడకు. మన గోదావరి జిల్లాల వాళ్ళం ‘ఆయ్, దాందేవుందండీ, తర్వాత చూసుకుందాం’ అనేస్తాం. ఆ తర్వాత చూసుకునేది ఉండదు.

కంపెనీలతో పనిచేసేటప్పుడు ఇంకో రక్షణ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యం పోర్టల్‌లో చిన్న సంస్థగా నమోదు చేసుకో. ఆధార్, పాన్ ఉంటే చాలు, రుసుము లేదు. అలా నమోదైనవాళ్ళకి పని అందుకున్నవాళ్ళు 45 రోజుల్లోపు డబ్బులివ్వాలని 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ కట్టాలి. పని ఒప్పుకోకముందే నమోదై ఉండాలి సుమా, తర్వాత చేసుకుంటే పాత బాకీకి పనికిరాదు. నీకు రావాల్సిన రెండు షార్ట్ ఫిల్ముల డబ్బులకి ఇది ఉపయోగపడదు. వాళ్ళకి ఒకసారి మర్యాదగా తేదీ అడిగి మెసేజ్ పెట్టు. ఇవ్వకపోతే మూడోది చెయ్యకు, అంతే.

హైదరాబాద్ వెళ్ళాలా వద్దా? ఈ సినిమా కోసమైతే వెళ్ళకు. రేవు అక్కడ లేదు, మీ నాన్నగారు అక్కడ లేరు. మూడు లక్షలు అద్దె అడ్వాన్సుకీ, హోటల్ తిండికీ, ఎవరో పిలుస్తారని ఎదురుచూడటానికీ కరిగిపోతాయి. నా కళ్ళ ముందు ఎంతోమందికి కరిగాయి. పెద్ద సినిమాల్లో ఎడిటర్ అవ్వాలని ఉంటే అది వేరు. దానికి ఎవరి దగ్గరైనా అసిస్టెంట్‌గా కొన్నేళ్ళు కూర్చోవాలి, యూనియన్ కార్డు తీసుకోవాలి, అక్కడే ఉండాలి. అది మంచి దారే, నేను నడిచిన దారి. వెళ్తే ఈ సినిమా పూర్తిచేసి, చేతిలో పట్టుకుని వెళ్ళు. పూర్తయిన సినిమా ఒకటి చూపించినవాడిని అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

ఆ మూడు లక్షల్లో సగం ముట్టుకోకు. కొత్త కెమెరా కొనకు, ఉన్నది చాలు. మిగతా సగంలోంచి కాలర్ మైక్, రెండు హార్డ్‌డిస్కులు, చివర్లో మంచి సౌండ్ మిక్సింగ్ చేసేవాళ్ళకి. ఇది నిజం మిక్సింగ్, శబ్దాలది. రంగులు సరిచేసే పని నువ్వే చేసుకోగలవు, డావిన్చి రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు.

రెండు హార్డ్‌డిస్కులు ఎందుకంటే, నీ మెయిల్లో ‘ఫుటేజ్ అంతా ఒక్క డిస్కులోనే ఉంది, అప్పుడప్పుడు చప్పుడు చేస్తోంది’ అని రాశావు. అది చదివి నాకు నిద్రపట్టలేదు. నువ్వు తీసిన నాణ్యతలో గంటకి 45 జీబీ వేసుకున్నా అరవై గంటలకి 2.7 టీబీ. రెండు 4 టీబీ డిస్కులు తీసుకుని ఈ వారమే కాపీ చెయ్యి. ఒకటి ఇంట్లో, ఇంకొకటి నీ ఊళ్ళో కాకుండా, వరద నీరు రాని చోట బంధువులెవరింట్లోనైనా. మీ ఇంటి గాలిలో ఉప్పు ఉంటుంది, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టు. ఈ ఉత్తరంలో మిగతావన్నీ తర్వాత చేసినా పర్వాలేదు, ఇది మాత్రం ముందు.

ఉత్సవాల గురించి అడిగావు. పూర్తయ్యాక వెంటనే యూట్యూబ్‌లో పెట్టెయ్యకు. అప్పటికే అందరికీ అందుబాటులో ఉన్న సినిమాని తీసుకోని ఉత్సవాలు ఉన్నాయి. ముంబయి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం డాక్యుమెంటరీలకీ, చిన్న చిత్రాలకీ, యానిమేషన్‌కీ ప్రత్యేకం, రెండేళ్ళకోసారి జరుగుతుంది. తిరువనంతపురంలో కేరళ చలచిత్ర అకాడమీ నడిపే డాక్యుమెంటరీ ఉత్సవం ఉంది. ఆ రెండింటి నియమాలు చదువుకుని ముందు వాటికి పంపు. రాకపోయినా రేవులో తెర ఎలాగూ ఉంది.

శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు రెండో కట్ నాకు పంపు. లింక్‌కి పాస్‌వర్డ్ పెట్టు. నేను ముందు పదకొండో నిమిషమే తెరుస్తాను. ఈలోగా ఒక రాత్రి పెరట్లో కూర్చున్నప్పుడు, ఒడ్డు దగ్గరపడేటప్పుడు ఏం లెక్కపెడతావు నాన్నా అని ఆయన్ని అడుగు. జవాబు సినిమాలో పెట్టకపోయినా పర్వాలేదు, నాకు మాత్రం రాయి.